మూడు సంవత్సరాల ఆదివారాలు

1903వ సంవత్సరం, అక్టోబరు 31. న్యూయార్కు నగరంలో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశమై ఉన్నది. ఆనాటి కార్యక్రమంలో పెద్ద సంఖ్యల కారణాంక విభజన గురించి ఒక ప్రసంగం ఉన్నది. ప్రసంగించవలసిన వ్యక్తి కొలంబియా విశ్వవిద్యాలయ గణితాచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. వయస్సు నలభై రెండేళ్ళు.

తన వంతు రాగానే ఆయన లేచి నల్లబల్ల దగ్గరకు నడిచాడు. ఒక్క మాటయినా పలకకుండా సుద్దముక్క అందుకుని, 2ను అరవై ఏడు మార్లు వేసి హెచ్చవేయగా వచ్చే సంఖ్యను లెక్కకట్టాడు. దానిలోనుంచి జాగ్రత్తగా ఒకటి తీసివేశాడు. బల్లమీద ఇరవై ఒక్క అంకెల సంఖ్య నిలిచింది:

14,75,73,95,25,89,67,64,12,927

తరువాత ఆయన బల్లమీద ఖాళీగా ఉన్న వైపుకు జరిగి, మరి రెండు సంఖ్యలను వ్రాశాడు:

7,61,83,82,57,287
19,37,07,721

బడిపిల్లలు చేసే పద్ధతిలోనే, వరసకింద వరస వ్రాసుకుంటూ, ఈ రెండింటినీ హెచ్చవేశాడు. చివరి కూడిక పూర్తి అయ్యేసరికి అటువైపు ఉన్న ఇరవై ఒక్క అంకెలే ఇటువైపూ ప్రత్యక్షమయ్యాయి. కోల్ సుద్దముక్క పక్కన పెట్టి, వచ్చినంత మౌనంగా వెళ్ళి తన స్థానంలో కూర్చున్నాడు. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగింది. ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఈ ఉదంతాన్ని లోకానికి చెప్పినవాడు ఎరిక్ టెంపుల్ బెల్ అనే గణితజ్ఞుడు. కొలంబియాలో కోల్ వద్ద చదువుకున్నవాడు. 1903లో ఆయన కాలిఫోర్నియాలో విద్యార్థి, సభలో లేడు. తన గ్రంథంలో ఈ సంగతి వ్రాసినది 1951లో. కథను రక్తి కట్టించడంలో బెల్ సిద్ధహస్తుడు కనుక, ఆ మౌనాన్నీ ఆ చప్పట్లనూ పాఠకుడు ఆయన మాటమీద స్వీకరించవలసిందే. నల్లబల్లమీది లెక్కకు మాత్రం ఎవరి మాటా అవసరం లేదు. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేసినా అలాగే వస్తుంది.

చదరంగానికి మూడు గళ్ళు ఎక్కువ

ఈ సంఖ్య మన దేశపు పాఠకులకు దూరపు చుట్టమే. చదరంగం కనిపెట్టినవాడు రాజును కోరిన బహుమానం కథ తెలియనివారు అరుదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇట్లా గడి గడికీ రెట్టింపు చేస్తూ పోగా, అరవై నాలుగు గళ్ళకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు అవుతాయి. రాజుగారి గాదెలు ఖాళీ అవుతాయి. ఆ పలకకు మరి మూడు గళ్ళు చేర్చినట్లయితే గింజల మొత్తం సరిగ్గా కోల్ బల్లమీద వ్రాసిన సంఖ్య అవుతుంది. గణితజ్ఞులు దానిని క్లుప్తంగా 2⁶⁷−1 అని వ్రాస్తారు. మాటలలో చెప్పుకోవాలంటే, దాదాపు 14 లక్షల 75 వేల కోట్ల కోట్లు.

అయితే అంతకంటె పెద్ద సంఖ్యలు ఎన్ని లేవు? దీనికి ఇంత ప్రతిష్ఠ ఎందుకు? ఆ ప్రశ్నకు సమాధానం ఒక పొరపాటులో ఉన్నది. ఆ పొరపాటు వయస్సు అప్పటికి రెండువందల యాభై తొమ్మిదేళ్ళు.

ఒక సన్యాసి జాబితా

1, తాను తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2, 3, 5, 7, 31 అట్టివి. తక్కినవి సంయుక్త సంఖ్యలు. అవి చిన్న సంఖ్యల లబ్ధాలు. 2ను కొన్ని మార్లు వేసి హెచ్చవేసి ఒకటి తీసివేస్తే వచ్చే 3, 7, 31, 127 వంటి సంఖ్యలు ప్రాచీన కాలంనుంచి గణితజ్ఞులను ఆకర్షిస్తూనే ఉన్నాయి. అట్టి సంఖ్య ప్రధానమైన పక్షంలో, దానినుంచి ఒక పరిపూర్ణ సంఖ్యను నిర్మించవచ్చునని యూక్లిడ్ నిరూపించాడు. పరిపూర్ణ సంఖ్య అంటే, తనకంటె చిన్నవైన తన భాజకాలన్నీ కలిపితే మళ్ళీ తానే అయ్యేది. 6 అటువంటిది; 1, 2, 3 కలిపితే 6. తరువాతిది 28.

పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. పత్రికలు లేని ఆ రోజులలో ఐరోపా పండితుల మధ్య ఆయనే తపాలా కేంద్రం. డెకార్ట్, ఫెర్మా వంటి మహామహుల ఉత్తరాలు ఆయన చేతులమీదుగా నడిచేవి. 1644లో ప్రచురించిన తన గ్రంథం పీఠికలో మెర్సెన్ ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకూ గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే పదకొండింటికి మాత్రమే ఈ రకపు సంఖ్య ప్రధానమవుతుందని ప్రకటించాడు. నిరూపణ ఏదీ ఇవ్వలేదు. పదిహేను, ఇరవై అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి కాలమంతా వెచ్చించినా చాలదని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా జాబితా నిలిచింది. కాదనడానికి కూడా లెక్క చేయాలి కదా! ఆ లెక్క చేయగలవాడు పుట్టేవరకూ మాట చెల్లుతుంది.

1772లో ఆయిలర్ 31వ ఘాతాంకం విషయంలో మెర్సెన్ చెప్పినది నిజమేనని నిరూపించాడు. దానితో జాబితా గౌరవం పెరిగింది. 67కు సంబంధించిన ఇరవై ఒక్క అంకెల సంఖ్య జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కుండను తట్టి చూసినట్లు

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకాస్ ఆ మౌనాన్ని భంగపరచాడు. హనోయి గోపురం అనే ఆటను 1883లో ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా ఈయనే. కాశీలోని ఒక ఆలయంలో పూజారులు 64 బంగారు బిళ్ళలను ఒక సూదినుంచి మరొక సూదికి మారుస్తున్నారనీ, ఆ పని ముగిసిననాడు ప్రళయం వస్తుందనీ ఆ ఆటతోపాటు ఒక కట్టుకథ వ్యాపించింది. ఆ పూజారులకు మరి మూడు బిళ్ళలు ఇచ్చినట్లయితే, వారు వేయవలసిన ఎత్తులు కూడా సరిగ్గా 2⁶⁷−1 అవుతాయి.

లూకాస్ చెప్పినది ఇది: మెర్సెన్ జాబితాలోని 127వ ఘాతాంకం సరియైనదే, కాని 67 తప్పు. 2⁶⁷−1 ప్రధాన సంఖ్య కానే కాదు. ఏ సంఖ్యలు దానిని భాగిస్తాయని అడిగితే లూకాస్ వద్ద సమాధానం లేదు. ఒక్క కారణాంకం కూడా ఆయనకు తెలియదు!

ఇది ఎట్లా సాధ్యం? సంతలో కుండ కొనేవారు దానిని వేలితో తట్టి చూస్తారు. గంటలా మ్రోగితే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నదన్నమాట. ఆ బీట ఎక్కడ ఉన్నదో చప్పుడు చెప్పదు. లూకాస్ కనిపెట్టినది అటువంటి తట్టుడు పరీక్ష. అమెరికన్ గణితజ్ఞుడు లెహ్మర్ 1930లో సులభం చేసిన రూపంలో దానిని ఎవరైనా చేసి చూడవచ్చు. 4తో మొదలు పెట్టాలి. దాని వర్గంలోనుంచి 2 తీసివేయాలి. వచ్చినదానిని పరీక్షించే సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. ఘాతాంకంకంటె రెండు తక్కువ మార్లు ఇట్లా చేశాక సున్న మిగిలితే అది ప్రధాన సంఖ్య. లేకపోతే సంయుక్త సంఖ్య.

31నే తీసుకోవచ్చు. అది 2⁵−1. ఘాతాంకం 5 కనుక మూడు మెట్లు. 4 వర్గం 16, రెండు తీసివేస్తే 14. 14 వర్గం 196, రెండు తీసివేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గం 64, రెండు తీసివేస్తే 62. 31తో భాగిస్తే శేషం సున్న. కుండ గంటలా మ్రోగింది. 11వ ఘాతాంకం దగ్గర, అంటే 2047 విషయంలో, తొమ్మిదవ మెట్టు చివర 1736 మిగులుతుంది. కుండకు బీట ఉన్నది. నిజమే, 2047 అంటే 23, 89ల లబ్ధం. కాని ఈ 23 గాని, 89 గాని పరీక్షలో ఎక్కడా కనిపించవు. 67 విషయంలో మెట్లు అరవై అయిదు. చివర సున్న రాదు.

ఒక సంఖ్య విరుగుతుందని తెలియడం వేరు, ఎక్కడ విరుగుతుందో తెలియడం వేరు. ఈ రెండు జ్ఞానాల మధ్య దూరం ఎంతో 2⁶⁷−1 చాటి చెప్పింది. లూకాస్ ప్రకటన తరువాత మరి ఇరవై ఏడేళ్ళు ఆ బీట ఎవరి కంటా పడలేదు.

ఆదివారాలలో ఏమి జరిగింది?

ఈ ఫలితానికి ఎంత కాలం పట్టిందని బెల్ 1911లో కోల్‌ను అడిగాడట. మూడు సంవత్సరాల ఆదివారాలు పట్టిందని ఆయన జవాబు. మూడు సంవత్సరాలకు ఆదివారాలు సుమారు 156. తక్కిన రోజులలో ఆయనకు కళాశాల పాఠాలున్నాయి. సొసైటీ కార్యదర్శి పదవి, దాని పత్రిక సంపాదకత్వం ఉన్నాయి. సెలవు రోజు మాత్రమే ఈ సంఖ్యది.

ఆ శ్రమ కొలత తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఏ ఉపాయమూ లేకుండా 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించి చూసేవాడు 19,37,07,721 దగ్గరకు చేరేలోగా కోటికి పైగా భాగహారాలు చేయాలి. నిమిషానికి ఒకటి చొప్పున, నిద్రాహారాలు మాని చేసినా ఇరవై సంవత్సరాలు పడుతుంది.

ఉపాయాలు లేకపోలేదు. ఇటువంటి సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదయినా, దానిలోనుంచి ఒకటి తీసివేస్తే ఘాతాంకానికి రెట్టింపుతో నిశ్శేషంగా భాగించబడాలని ఫెర్మా 1640లోనే గ్రహించాడు. 11కు రెట్టింపు 22. 23లోనుంచీ 89లోనుంచీ ఒకటి తీసివేస్తే వచ్చే 22, 88 రెండూ 22 గుణిజాలే. 67కు రెట్టింపు 134. కాబట్టి 135, 269, 403 అంటూ 134 చొప్పున పెరిగే సంఖ్యలను మాత్రమే చూస్తే చాలు. కోల్ కనుగొన్న సంఖ్య ఈ వరసలో 14,45,580వది. ఇంతేకాక, ఆ కారణాంకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని కావాలి. దీనితో సగం కొట్టివేయవచ్చు. 3, 5, 7లతో భాగించబడేవి కూడా తీసివేస్తే మూడు లక్షలకు పైచిలుకు మిగులుతాయి.

అవీ తక్కువ కాదు. ఆదివారానికి పది గంటలు పనిచేసినా, 156 ఆదివారాలకు 93,600 నిమిషాలే. నిమిషానికొక భాగహారం చేసే యంత్రం లాంటి మనిషికి కూడా ఆ మూడు సంవత్సరాలు చాలవు. కోల్ చేసినది వట్టి భాగహారాలు కావని దీనివల్లనే తెలుస్తున్నది. వర్గ సంఖ్యలు మిగిల్చే శేషాల ధర్మాలను ఆధారం చేసుకుని, వెదకుతున్న కారణాంకాన్ని ఫలానా చిన్న సంఖ్యతో భాగిస్తే ఫలానా శేషాలే రావాలని ఒక్కొక్క నిబంధననే ఆయన పోగుచేశాడు. ఒక్కొక్క నిబంధన వచ్చినకొద్దీ అనుమానితుల జాబితా తరుగుతూ వచ్చింది. చివరకు మిగిలినవాటిని మాత్రమే భాగించి చూడవలసి వచ్చింది. ఈ పద్ధతిని వివరిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం సొసైటీ బులెటిన్‌లో నాలుగు పుటలకు మించలేదు. అది మొదలైన పుట సంఖ్య 134. అరవై ఏడుకు సరిగ్గా రెట్టింపు! ఇది కేవలం కాకతాళీయం.

కోల్ తరువాత మెర్సెన్ జాబితాను ఒక్కొక్కరే సరిదిద్దారు. మొత్తం మీద అయిదు తప్పులు తేలాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండవలసింది. వీటిలో 61వ ఘాతాంకం సంగతి పెర్వూషిన్ అనే రష్యన్ మతాచార్యుడు 1883లోనే బయటపెట్టాడు. మెర్సెన్ వ్రాయదలచినది 61 అనీ, అది పొరపాటున 67గా అచ్చయిందనీ ఊహించేవారు కూడా ఉన్నారు. అదే నిజమైతే, ఒక్క అంకె తారుమారు కావడంవల్ల ఒక ఆచార్యుడి ఆదివారాలు మూడేళ్ళపాటు ఖర్చయ్యాయన్నమాట.

కాన్పూరు చెప్పినది, చెప్పనిది

నేటి సాధారణ కంప్యూటరు 2⁶⁷−1ను రెప్పపాటులో విడగొట్టగలదు. అయినా లూకాస్‌కూ కోల్‌కూ మధ్య ఉన్న ఆ దూరం తగ్గలేదు, మరింత స్పష్టమైంది.

2002 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనాలు ఒక పద్ధతిని ప్రకటించారు. ఏ సంఖ్యనిచ్చినా అది ప్రధానమో కాదో ఆ పద్ధతి నిస్సందేహంగా తేల్చి చెబుతుంది; సంఖ్యలో అంకెలు పెరిగినా పని అదుపు తప్పి పెరగదు. అట్టి పద్ధతి ఉన్నదా లేదా అన్నది గణిత ప్రపంచాన్ని చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. కాయల్, సక్సేనాలు అప్పుడే పట్టభద్రులైన విద్యార్థులు. వారి నిరూపణ ప్రపంచవ్యాప్తంగా మన్ననలందుకున్నది. కాని వారి పద్ధతి కూడా కుండను తట్టి చూసేదే. బీట ఉన్నదని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. పెద్ద సంఖ్య కారణాంకాలను అంత సులువుగా వెలికితీసే మార్గం సాధారణ కంప్యూటర్లకు ఇంతవరకూ ఎవరూ చూపలేదు.

ఈ అసాధ్యతే నేడు ఒక తాళమయింది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు అమెరికాలో ఒక రహస్య లేఖన విధానాన్ని రూపొందించారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను హెచ్చవేసి, లబ్ధాన్ని అందరికీ వెల్లడించవచ్చు. దానితో ఎవరైనా సందేశాన్ని మూసివేయగలరు. తెరవడానికి ఆ రెండు సంఖ్యలూ తెలియాలి. ఆ ఏడాదే వారు 129 అంకెల సంఖ్యను ప్రకటించి, విడగొట్టినవారికి నూరు డాలర్లు ఇస్తామన్నారు. కోట్ల కోట్ల సంవత్సరాలు పడుతుందని అప్పటి అంచనా. 1994లో, సుమారు ఆరువందల మంది స్వచ్ఛంద సేవకులు తమ కంప్యూటర్లను కలిపి ఎనిమిది నెలలలో దానిని విడగొట్టారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగిపోయింది. అందుకే ఇటువంటి తాళాలకు ఇప్పుడు 617 అంకెల సంఖ్యలను విరివిగా వాడుతున్నారు. క్వాంటమ్ కంప్యూటర్లు తగినంత పెద్దవి తయారైననాడు ఈ తాళాలు తెరుచుకుంటాయని పీటర్ షోర్ 1994లోనే సిద్ధాంతరీత్యా చూపాడు. అందువల్ల కొత్త తాళాల అన్వేషణ కూడా సాగుతున్నది.

కోల్‌కు ఇవేవీ తెలియవు. ఆయన 1926లో కన్నుమూశాడు. తన ఆదివారాలు ఎవరికైనా ఉపయోగపడతాయని ఆయన ఎదురుచూసిన దాఖలా లేదు. ఆయన పేరిట నెలకొల్పిన బహుమతిని అమెరికన్ మేథమెటికల్ సొసైటీ ఇప్పటికీ ఇస్తున్నది. సంఖ్యాశాస్త్రంలో 2008వ సంవత్సరపు కోల్ బహుమతి భారత సంతతికి చెందిన మంజుల్ భార్గవకు లభించింది.

ఒక కాగితం, ఒక పెన్సిలు

సందేహించే పాఠకుడు చేయదగిన పరీక్షలు రెండు ఉన్నాయి. కోల్ రెండు సంఖ్యల చివరి మూడేసి అంకెలు 721, 287. వాటి లబ్ధం 2,06,927. చివర 927. పెద్ద సంఖ్య చివర ఉన్నదీ అదే. ఇక అంకెలు కూడి చూడవచ్చు. మొదటి సంఖ్యలో అంకెల మొత్తం 64, 6, 4 కలిపితే 10, అంటే 1. రెండవదానిలో 37, అదీ చివరకు 1. ఒకటిని ఒకటితో హెచ్చవేస్తే ఒకటే. ఇరవై ఒక్క అంకెల మొత్తం 109. అదీ 1కే దిగుతుంది.

ఈ రెండూ సూచనలు మాత్రమే. అసలు హెచ్చవేతకు అరగంట చాలు. కింది సంఖ్యలో ఒక సున్న ఉన్నది కనుక వ్రాయవలసిన వరసలు ఎనిమిది. వాటిలో ఏడో ఎక్కం మూడుసార్లు వస్తుంది. హైస్కూలు విద్యార్థి తప్పులేకుండా చేయగలడు.

మెర్సెన్ మాటను లోకం 232 సంవత్సరాలు నమ్మింది. లూకాస్‌ను అంగీకరించాలంటే ఆయన సిద్ధాంతాన్ని అర్థం చేసుకునే పాండిత్యం కావాలి. కోల్ తనను నమ్మమని అడగలేదు. అందుకే ఆ రోజు ఆయన నోరు విప్పవలసిన అవసరం కలగలేదు.